గార్నెట్ పూసల దండ ఇంట్లోనే గుచ్చుకోవడం ఎలా?

మెడ చుట్టూ వచ్చే పదిహేడు అంగుళాల దండ, పూసకూ పూసకూ మధ్య ఒక ముడి, వెనక వెండి హుక్కు. మనం చేయబోయేది ఇంతే. ముడి వేయడం చేతికి అలవాటైతే మధ్యాహ్నం కూర్చుని సాయంత్రానికి లేవొచ్చు. మొదటిసారి అయితే ఆదివారం మొత్తం పక్కన పెట్టుకోండి, ఫోను ఇంకో గదిలో ఉంచండి.

గార్నెట్ అనే ఎందుకంటే, కొత్తగా పని నేర్చుకునే చేతికి అది మంచి రాయి. రాళ్ల గట్టితనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ లెక్కలో 7 నుంచి 7.5 దాకా ఉంటుంది కాబట్టి సూది తగిలితే గీత పడదు. కెంపు కొనలేనివాళ్లకు అందుబాటులో ఉంటుంది. పైగా మనకు పరాయి రాయి కాదు. కొత్తగూడెం దగ్గర గరీబ్‌పేట గుట్ట గార్నెట్‌కు పాతకాలం నుంచి పేరున్న చోటు. పుదుచ్చేరి పక్కన అరికమేడు అనే పాత రేవు ఉంది, రోమన్లతో వర్తకం నడిచిన చోటు. అక్కడి తవ్వకాల్లో దొరికిన గార్నెట్లు ఈ గరీబ్‌పేట రాళ్లేనని 2017లో పరిశోధకులు లోపలి మలినాలనూ రసాయన కూర్పునూ పోల్చి చూపించారు. ఇటు పెద్దబంకూరు, ధూళికట్ట వంటి శాతవాహనుల నాటి చోట్ల కూడా రాతి పూసలు బయటపడ్డాయి. పూసలు గుచ్చడం ఈ గడ్డకు రెండు వేల ఏళ్ల నాటి పని అన్నమాట.

అలాగని గుట్టెక్కి రాళ్లు ఏరుకొచ్చుకుందాం అనుకోకండి. దానికి గనుల నిబంధనలు అడ్డొస్తాయి. ముడి రాయిని గుండ్రంగా సాన పట్టి, మధ్యలో బెజ్జం వేయడం ఇంట్లో అయ్యే పని కూడా కాదు. ఆ పని జైపూర్‌లో చేయించి తెచ్చిన పూసలనే మనం కొంటాం.

కొనేటప్పుడు

దుకాణంలో "గార్నెట్ లైను, ఆరు ఎంఎం, గుండ్రటివి" అని అడగండి. లైను అంటే దారానికి గుచ్చి అమ్మే పూసల వరస. పదహారు అంగుళాల లైనులో అటూఇటూగా 65 పూసలు వస్తాయి. లైనును తెల్ల కాగితం మీద చాచి పెట్టి, మొదట బెజ్జాలు చూడండి, రంగు తర్వాత. బెజ్జం అంచు పెచ్చులూడి ఉంటే ఆ అంచు దారాన్ని రోజూ కోస్తూనే ఉంటుంది. పూస ఎంత మెరిసినా అలాంటి లైను నాకొద్దు. ఇక రంగు. మంచి గార్నెట్ నీడలో నల్లగా కనిపించి, వెలుతురుకు పట్టుకుంటే దానిమ్మ గింజలా ఎర్రబడుతుంది. నీడలోనూ ఎండలోనూ ఒకే ఎరుపు, అరవై పూసలకూ ఒకే ఛాయ ఉంటే అది గాజు కావచ్చు. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం ఉంటే లోపలికి చూడండి. గుండ్రటి గాలి బుడగలు కనిపిస్తే గాజే.

"ఒరిజినల్ అక్కా, గ్యారంటీ" అనే మాట అన్ని దుకాణాల్లోనూ వినిపిస్తుంది. ఆ మాట మీద ఆధారపడకుండా త్రాసు అడగండి. ఆరు ఎంఎం గార్నెట్ లైను 26 నుంచి 29 గ్రాములు తూగుతుంది. అదే కొలతలో మామూలు గాజు లైను 18 గ్రాముల దగ్గరే ఆగిపోతుంది. పది గ్రాముల తేడా అంటే చేతిలో పట్టుకున్నా తెలుస్తుంది.

ఇంటికి తెచ్చాక ఇంకా కచ్చితంగా తేల్చుకునే పద్ధతి ఉంది. గ్రాములో వందో వంతు చూపే చిన్న డిజిటల్ త్రాసు కావాలి. ముందు లైనును ఉత్తగా తూచి రాసుకోండి. తర్వాత త్రాసు మీద గ్లాసు నీళ్లు పెట్టి అంకెను సున్నా చేయండి. లైనును సన్న దారంతో కట్టి నీళ్లలోకి దించండి. పూసలన్నీ మునగాలి, గ్లాసు అడుగుకు గానీ పక్కకు గానీ తగలకూడదు. పూసలకు అంటుకున్న గాలి బుడగలు పోయేలా ఒకసారి కదిలించండి. ఇప్పుడు త్రాసు చూపే అంకెతో మొదటి బరువును భాగించండి. ఉత్తగా 28 గ్రాములు ఉండి, నీళ్లలో ముంచినప్పుడు త్రాసు 7 చూపిస్తే జవాబు 4. గార్నెట్‌కు ఆ దరిదాపుల్లో రావాలి. 2.65 వస్తే స్ఫటికం, అకీకు (అగేట్) జాతి రాయి. 2.5 వస్తే గాజు అనుకోవచ్చు.

ఇక్కడ ఒక చిక్కుంది. కెంపుకు కూడా 4 వస్తుంది. కెంపును గార్నెట్ ధరకు ఎవరూ అమ్మరు గానీ, గార్నెట్‌ను కెంపు ధరకు అమ్మేవాళ్లుంటారు. ఆ రెండింటినీ అయస్కాంతం వేరు చేస్తుంది. మన ఎర్ర గార్నెట్‌లో ఇనుము ఉంటుంది. పాడైన హార్డ్ డిస్కులోంచి తీసిన బలమైన నియోడైమియం అయస్కాంతం సంపాదించండి, ఫ్రిజ్ మీద బొమ్మలకుండే అయస్కాంతం చాలదు. పళ్లెంలో నీళ్లు పోసి, థర్మకోల్ ముక్క వదలండి. దాని మీద ఒక్క పూస పెట్టి, అయస్కాంతాన్ని పూసకు తగలకుండా దగ్గరగా తెచ్చి మెల్లగా వెనక్కి జరపండి. గార్నెట్ అయితే పడవ అయస్కాంతం వెంట నడిచి వస్తుంది. కెంపయినా, మామూలు ఎర్ర గాజయినా కదలదు. ఉత్త థర్మకోల్‌తో కూడా ఒకసారి చేసి చూసుకోండి, ఫ్యాను గాలికి కదిలిందో అయస్కాంతానికి కదిలిందో తేలిపోతుంది. పిల్లలున్న ఇంట్లో ఈ ఒక్క పరీక్షకే గంట గడిచిపోతుంది.

దారం, హుక్కు, మిగతా సామాను

దారం పట్టుదే తీసుకోండి. కార్డుకు చుట్టి, ఒక కొసకు సన్న తీగ సూది కలిపి, రెండు మీటర్ల చొప్పున అమ్ముతారు. మన దండకు ఒక కార్డు సరిపోతుంది. పూర్తయ్యే దండకు రెండున్నర రెట్లు దారం కావాలి అన్నది లెక్క. చిన్న ముక్క కత్తిరించి అగ్గిపుల్లతో కాల్చి చూడండి. వెంట్రుకలు కాలిన వాసన వచ్చి బూడిదైతే పట్టు, కరిగి ఉండ కడితే నైలాన్. నైలాన్ చెడ్డదేం కాదు, తడిని పట్టుకంటే బాగా తట్టుకుంటుంది. కానీ ముడి అంత మెత్తగా కూర్చోదు, దండ మెడ మీద ఒదిగినట్టు ఉండదు.

మందం విషయంలో నంబర్ల కంటే పూసనే అడగడం మేలు. ఒకే బెజ్జంలోంచి దారం రెండుసార్లు దూరాలి, దారానికి వేసిన ముడి మాత్రం దూరకూడదు. ఆ రెండూ కుదిరిన దారమే మీ దారం. మామూలు గార్నెట్ బెజ్జానికి 0.45 ఎంఎం దగ్గర కుదురుతుంది. ముందు రోజు రాత్రే దారాన్ని కార్డు నుంచి విప్పి, మేకుకు వేలాడదీసి, కింద చిన్న బరువు కట్టండి. కార్డు మడతలు పోతాయి, సాగాల్సింది ముందే సాగుతుంది. ఈ పని ఎగ్గొడితే నెల తిరిగేసరికి ముడికీ పూసకూ మధ్య సందు కనిపిస్తుంది.

హుక్కు వెండిది. మీకు తెలిసిన అవుసులాయన దగ్గర చేయించుకుంటే గట్టిగా ఉంటుంది. హుక్కు కన్నం దగ్గర దారం నేరుగా లోహానికి రాసుకుంటే ముందుగా అక్కడే తెగుతుంది. అందుకని ఆ చోట దారం మీదికి, స్ప్రింగులా చుట్టిన సన్న తీగ గొట్టం తొడుగుతారు. ముత్యాలు గుచ్చేవాళ్ల దగ్గర దొరుకుతుంది. దొరక్కపోతే మగ్గం వర్కు సామాన్ల దుకాణంలో జర్దోసీ స్ప్రింగ్ అడగండి, పని అదే. రంగు త్వరగా మాసిపోతుంది, అంతే. ఒక్కో కొసకు సెంటీమీటరు ముక్క చాలు. ఇవి కాక సన్న దబ్బనం ఒకటి, పదునైన చిన్న కత్తెర, పూసలు దొర్లిపోకుండా కింద పరచడానికి పాత తువ్వాలు.

నడుమ ఒక లాకెట్ కావాలనుకుంటే కరీంనగర్ వెండి తీగ పని చూడండి. వెంట్రుకంత సన్నగా లాగిన వెండి తీగలను మెలితిప్పి, అణచి, చట్రంలో చుట్టలు చుట్టలుగా పేర్చి అతుకుతారు. ఎల్గందుల నుంచి వచ్చిన పనితనం అది, భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. బరువు తక్కువ కాబట్టి పూసల దండను కిందికి లాగదు. నమూనా కోసం తంటాలు పడేవాళ్లు పాలంపేట వెళ్లిరండి. 1213 నాటి రామప్ప గుడి చూరు కింద ఆ నల్లరాతి మదనికల (స్త్రీ శిల్పాల) మెడలు చూస్తే పూసల వరస ఎక్కడ ఆగాలో, లాకెట్ ఎంత కిందికి దిగాలో తెలుస్తుంది. గొంతుకు పట్టిన వరస ఒకటి, రొమ్ముల మధ్యకు జారేది ఒకటి, రెంటికీ నడుమ ఖాళీ. ఆ ఖాళీ వదలడం మన దుకాణాల డిజైన్లలో ఈమధ్య కనిపించడం లేదు, మెడ నిండా నింపేస్తున్నారు.

గుచ్చడం

61 పూసలు ఏరండి. బేసి సంఖ్య అయితే నడుమ ఒక పూస గానీ లాకెట్ గానీ సరిగ్గా కుదురుతుంది. పెద్ద బెజ్జాలున్న ఆరు పూసలను విడిగా తీసి పెట్టండి. మూడు ఈ కొసకు, మూడు ఆ కొసకు. అక్కడ దారం రెండుసార్లు దూరుతుంది కాబట్టి ఈ ఆరూ దొరక్కుండా పని మొదలుపెట్టొద్దు.

దారానికి సూది లేని కొసన తాత్కాలికంగా ఒక ముడి వేయండి. పెద్ద బెజ్జాల పూసలు మూడు ఎక్కించండి, తర్వాత తీగ గొట్టం ముక్క, తర్వాత హుక్కు ఒక సగం. మూడు పూసలనూ, గొట్టాన్నీ, హుక్కునూ దారం కొస వైపు జరిపి, నాలుగు అంగుళాల తోక వదలండి. సూదిని వెనక్కి తిప్పి హుక్కు పక్కనున్న పూసలోంచి దూర్చి లాగండి. గొట్టం హుక్కు కన్నం చుట్టూ చిన్న ఉంగరంలా వంగుతుంది. గట్టిగా లాగితే గొట్టం నలిగి లోపలి దారం బయటపడుతుంది, మెల్లగా లాగండి. హుక్కు పక్కనున్నదే మొదటి పూస అనుకుంటే, ఇప్పుడు సూది దారం, తోక దారం రెండూ మొదటి పూసకూ రెండో పూసకూ మధ్య కలుసుకున్నాయి. అక్కడ రెండింటినీ కలిపి ముడి వేయండి. సూదిని రెండో పూసలోంచి దూర్చి మళ్లీ తోకతో ముడి. మూడో పూసలోంచి దూర్చి ఇంకో ముడి. ఆ ముడి మీద ఒక బొట్టు నగల జిగురు వేసి, ఆరాక తోక కత్తిరించండి. సూపర్ గ్లూ వాడకండి, అది పట్టును పుల్లలా బిగుసుకుపోయేలా చేస్తుంది, సరిగ్గా అక్కడే విరుగుతుంది.

ఇక్కడి నుంచి చివరి దాకా ఒకే పని. ఒక పూస ఎక్కించండి, ముందు ముడికి ఆనేదాకా జరపండి. ఎడమ చేతి రెండు వేళ్ల చుట్టూ దారం తిప్పి, పూసల వరసను ఆ చుట్టలోంచి కిందికి జారవిడవండి. వదులు ముడి పడుతుంది. బిగించకండి. దబ్బనం మొనను ముడి చుట్టలోకి పెట్టి, ముడిని దబ్బనంతోనే పూస దాకా నడిపించండి. మొన పూసను ముట్టుకున్నాక దారాన్ని లాగండి. ముడి దబ్బనం చుట్టూ బిగుస్తుంది. బొటనవేలి గోరును ముడి వెనక ఆనించి, ముడిని పూస వైపు నెడుతూనే దబ్బనం బయటికి తీయండి. ముడి బెజ్జం నోటి మీద టక్కున కూర్చున్నట్టు వేలికి తెలుస్తుంది. అది తెలియకపోతే ముడి దూరంగా పడినట్టు. బిగిసిన పట్టు ముడి మళ్లీ విప్పడానికి రాదు, అందుకే దబ్బనం తీసే ముందే కంటితో చూసుకోండి.

మొదటి పది ముడులు పెద్దా చిన్నాగా వస్తాయి. పదిహేనో పూస దగ్గర చేతికి ఒక లయ పడుతుంది. ఆ తర్వాత మధ్యలో ఎవరైనా పిలిచినా సగం ముడితో లేవకండి, పూస కూర్చోబెట్టే లేవండి. ఆరుబయట వెలుతురులో చేస్తే ముడులు బాగా కనిపిస్తాయి, ట్యూబులైటు కింద ముదురు ఎరుపు మీద ముదురు దారం అస్సలు కనిపించదు. దారం మెరూన్ రంగుదే తీసుకోవాలని లేదు. నేనైతే బంగారు రంగు దారం వాడతాను, ముడులు సన్న బంగారు గుండ్లలా కనిపిస్తాయి.

చివర్లో 58 పూసలు ముడులతో అయ్యాక, మిగిలిన మూడు పెద్ద బెజ్జాల పూసలను ముడి లేకుండా ఎక్కించండి. మధ్యలో ముడులకు చోటు కావాలి కాబట్టి బాగా దగ్గరికి లాగొద్దు. గొట్టం, హుక్కు రెండో సగం ఎక్కించి, సూదిని చివరి పూసలోంచి వెనక్కి తెచ్చి, కింది దారం చుట్టూ ముడి వేయండి. తర్వాతి పూసలోంచి దూర్చి ఇంకో ముడి. మూడో పూసలోంచి దూర్చి, జిగురు బొట్టు వేసి, ఆరాక పూసకు ఆనించి కత్తిరించండి. మిగిలిన నాలుగు పూసలు రెండేసి చొప్పున వెండి తీగకు ఎక్కిస్తే చెవి గెంటీలకు వేలాడదీసుకోవచ్చు.

"అక్కా, ఇది ఏ గ్రహానికి పడ్తది?"

దండ వేసుకుని పెళ్లికి వెళ్లారంటే ఈ ప్రశ్న తప్పదు. జవాబు తెలిసి ఉండటం మంచిది.

నవరత్నాల లెక్క మనందరికీ తెలిసిందే. రవికి కెంపు, చంద్రునికి ముత్యం, కుజునికి పగడం, బుధునికి పచ్చ, గురునికి పుష్యరాగం, శుక్రునికి వజ్రం, శనికి నీలం, రాహువుకు గోమేధికం, కేతువుకు వైడూర్యం. ఎర్ర గార్నెట్ ఈ తొమ్మిదింటిలో లేదు. కెంపు పెట్టుకోలేనివాళ్లకు బదులు రాయిగా ఇస్తారు, కాబట్టి "రవికి" అంటే ఎవరూ కాదనరు. అయితే తమాషా ఏమంటే, రాహువు రాయి గోమేధికం గార్నెట్ కుటుంబంలోదే. తేనె రంగు గార్నెట్ అది. అన్న రవికి, తమ్ముడు రవిని మింగే రాహువుకు పని చేస్తున్నారన్నమాట.

ఈ రాళ్లు ఎలా పుట్టాయో గరుడ పురాణం చెబుతుంది. బలాసురుణ్ని దేవతలు యజ్ఞపశువుగా అడిగారు, అతను ఒప్పుకున్నాడు. ఆ శరీరం ముక్కలై నేలమీద పడ్డప్పుడు ఎముకలు వజ్రాలయ్యాయి, నెత్తురు కెంపులయింది, పళ్లు ముత్యాలయ్యాయి, పిత్తం పచ్చ అయింది, కళ్లు నీలాలయ్యాయి. పిల్లలకు చెప్పి చూడండి, ఏ రాయి ఏదో జన్మలో మరచిపోరు.

నీలం సంగతి వేరు. అది అందరికీ పడదని, కొనే ముందు మూడు రాత్రులు దిండు కింద పెట్టుకుని కలలు చూడమని పెద్దలంటారు. కల మాట ఎలా ఉన్నా, నచ్చకపోతే మూడు రోజుల్లో తిరిగిచ్చే ఒప్పందం చేసుకుని ఖరీదైన రాయి తీసుకోవడం నాకు చాలా తెలివైన ఆచారంగా కనిపిస్తుంది. ఆ మూడు రోజుల్లో రాయిని ల్యాబులో పరీక్ష కూడా చేయించవచ్చు.

వరంగల్‌వాళ్ల దగ్గర రాళ్ల మాట వస్తే కోహినూరు రాకుండా ఉండదు. భద్రకాళి అమ్మవారి కన్నుగా ఉండేదని గట్టిగా చెబుతారు. దానికి కాకతీయుల శాసనాధారం లేదు. ఆధారం ఉన్న కథే కావాలంటే వెనిస్ యాత్రికుడు మార్కో పోలో చెప్పింది ఉంది. మోటుపల్లి రేవు ఉన్న రాజ్యాన్ని భర్త పోయిన రాణి ఏలుతోందని, ఆ రాజ్యంలో వజ్రాల లోయల్లోకి మాంసం ముక్కలు విసిరితే గద్దలు తన్నుకుపోయేవని, వాటికి అంటుకున్న వజ్రాలను జనం ఏరుకునేవారని రాశాడు. ఆ రాణి మన రుద్రమదేవి అనే చరిత్రకారులు చెబుతారు. గద్దల మాట అతను విన్నదే, చూసింది కాదు.

కథలు ఎన్నైనా చెప్పండి, నేనూ చెబుతాను. కానీ రాయి పేరు మాత్రం ఉన్నది ఉన్నట్టే చెప్పాలి. ఎవరికైనా కానుకగా ఇస్తున్నా, అమ్ముతున్నా డబ్బాలో ఒక చీటీ పెట్టండి. రాయి పేరు, రంగు వేసిందా లేదా, హుక్కు వెండిదా పూతదా, దారం పట్టా నైలానా, గుచ్చిన నెల, సంవత్సరం రాయండి. "రవి రాయి" అని కూడా రాయొచ్చు, కానీ "కెంపు" అని రాయకూడదు. అకీకు పూసలు వాడినా ఇంతే. గుజరాత్‌లోని ఖంభాత్‌లో గోధుమరంగు అకీకును కాల్చి ఎరుపు చేయడం తరతరాల పని. అందులో మోసం లేదు, చెప్పకపోవడంలో ఉంది. గులాబీ, నీలి, ఆకుపచ్చ అకీకుల్లో చాలావాటికి రంగు వేసి ఉంటుంది. నెయిల్ పాలిష్ తుడిచే ద్రవంలో దూది ముంచి బెజ్జం దగ్గర రుద్దితే కొన్నిసార్లు దూదికి రంగు అంటుతుంది.

వాడకం

దండను నీళ్లలో నానబెట్టకండి, పట్టు తడిస్తే సాగుతుంది. తడి బట్టతో తుడిచి, పరచి ఆరనివ్వండి. స్నానానికి ముందు తీసేయండి, సెంటు కొట్టుకున్నాకే వేసుకోండి. వెండి హుక్కు నల్లబడితే కొంచెం విభూతి వేలికద్దుకుని రుద్దండి, పూసల దాకా పోనివ్వకండి. ఇదే డబ్బాలో ముత్యాలు, పగడాలు పెట్టొద్దు. అవి గట్టితనంలో నాలుగు దరిదాపుల్లోనే ఉంటాయి, గార్నెట్ వాటిని గీకేస్తుంది. పగడానికి, ముత్యానికి చింతపండు, నిమ్మరసం అస్సలు తగలనివ్వకూడదు, పులుపు వాటిని తినేస్తుంది. అమ్మమ్మల నాటి రాళ్ల నగలు ఉంటే వేడి నీళ్లు కూడా వద్దు, రాళ్ల కింద లక్క ఉంటుంది.

తరచూ వేసుకునే దండకు రెండేళ్లకోసారి దారం మార్చాలి. తెగేదాకా ఆగక్కర్లేదు. దండను హుక్కు పట్టుకుని నిలువుగా వేలాడదీయండి. పూసకూ ముడికీ మధ్య దారం కనిపిస్తున్నా, హుక్కు దగ్గర తీగ గొట్టం విడిపోయి దారం పీచులు లేస్తున్నా మళ్లీ గుచ్చే సమయం వచ్చినట్టే. పాత దారాన్ని ముడి పక్కన కత్తిరిస్తూ పూసలను ఒక్కొక్కటిగా గిన్నెలోకి తీయండి. పెద్ద బెజ్జాల ఆరు పూసలను మాత్రం విడిగా పెట్టండి, మళ్లీ వెతుక్కునే పని ఉండదు.